పికోసెకన్ల కొలతకు ఏ మిక్సర్ పెట్టాలి?

ప్రశ్న: నమస్కారం సార్. హైదరాబాద్‌లో ఉంటాను, ఎలక్ట్రానిక్స్ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఇంట్లో ఒక పాత రుబీడియం స్టాండర్డు, రెండు హెచ్‌పీ 10811 ఓవెన్ ఆసిలేటర్లు ఉన్నాయి. మూడూ 10 మెగాహెర్ట్జువే. వీటిని ఒకదానితో ఒకటి పోల్చాలని రెండు మిక్సర్ల పద్ధతిలో (డీఎంటీడీ; మిక్సర్ అంటే రెండు సిగ్నళ్ళ ఫ్రీక్వెన్సీల తేడాని బయటికిచ్చేది) ఒక సెటప్ కట్టాను. ఇంకో ఓవెన్ ఆసిలేటర్‌ని 10 హెర్ట్జ్ కిందికి లాగి రెండు మిక్సర్లకూ పంచాను. డ్రాయర్లో ఉన్నాయి కదా అని మిక్సర్లుగా ఎస్‌ఏ612 చిప్పులు వాడాను. ఒకే ఆసిలేటర్‌ని రెండు వైపులా ఇచ్చి చూస్తే 1 సెకను దగ్గర అలన్ డీవియేషన్ (నిలకడ ఎంత తప్పుతోందో చెప్పే అంకె) 3×10⁻¹² వస్తోంది. గ్రాఫులో 20 సెకన్ల దగ్గర ఒక మూపురం లేస్తోంది. అది కూడా కుదురుగా ఉండదు, ఒక రోజు 10 దగ్గర, ఒక రోజు 30 దగ్గర. ఫ్యాన్ వేస్తే గీత మెల్లగా పక్కకి జరుగుతోంది. ఒక మిత్రుడు ఎక్కువ పవర్‌తో నడిచే లెవెల్ 17 మిక్సర్ పెట్టమంటున్నాడు, ఇంకొకాయన ఆర్‌పీడీ-1 తప్ప వేరేది దండగ అంటున్నారు. మా అబ్బాయి వచ్చే నెల డాలస్ నుంచి వస్తున్నాడు, ఏదైనా తెప్పించుకోవచ్చు. నా దగ్గర పాత ఎస్‌బీఎల్-1 డయోడ్ మిక్సర్లు నాలుగు ఉన్నాయి. ఏం చెయ్యమంటారు?

సమాధానం: ముందు కొనే సంగతి తేల్చేద్దాం. ఎస్‌ఏ612లు తీసి పక్కన పెట్టండి. మీ దగ్గరున్న ఎస్‌బీఎల్-1లు చాలు. లెవెల్ 17 వద్దు. అబ్బాయి ఎలాగూ వస్తున్నాడు కాబట్టి ఆర్‌పీడీ-1లు ఒక జత తెప్పించుకుంటే తప్పు లేదు, కానీ అవి వచ్చేదాకా పని ఆపుకోకండి. మీరు రాసిన మూడు బాధల్లో ఒక్కటే మిక్సర్ వల్ల వచ్చింది. మిగతా రెండూ ఎంత ఖరీదైన మిక్సర్ పెట్టినా అలాగే ఉంటాయి.

ఎందుకంటున్నానో చెప్పాలంటే లెక్కలోకి దిగాలి. ఈ పద్ధతిని డేవిడ్ అలన్, హెర్మన్ డామ్స్ 1975లో ప్రకటించారు. మీ ఆసిలేటర్ 10 మెగాహెర్ట్జ్, పంచిన ఆసిలేటర్ దానికంటే 10 హెర్ట్జ్ తక్కువ. మిక్సర్ నుంచి 10 హెర్ట్జ్ బీట్, అంటే ఆ రెండిటి తేడా వస్తుంది. అసలు సిగ్నల్లో ఒక పికోసెకను (సెకనులో లక్ష కోట్ల వంతు) తేడా వస్తే బీట్‌లో అది ఒక మైక్రోసెకను తేడాగా కనిపిస్తుంది, అంటే పది లక్షల రెట్లు. అందుకే మామూలు కౌంటర్‌తో కూడా పికోసెకన్లు చదవగలుగుతున్నాం. బీట్‌ని 1 హెర్ట్జ్‌కి తగ్గిస్తే కోటి రెట్లు అవుతుంది కదా, ఇంకా మంచిది కదా అనిపిస్తుంది. కౌంటర్ వరకైతే నిజమే. మిక్సర్ వైపు నుంచి చూస్తే మాత్రం ఏమీ కలిసిరాదు.

బీట్ ఒక వోల్టు పీక్ ఉన్న సైన్ వేవ్ అనుకోండి. 10 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక పికోసెకను అంటే 63 మైక్రోరేడియన్లు. సున్నాని దాటే చోట అది 63 మైక్రోవోల్టులవుతుంది. బీట్ 1 హెర్ట్జ్ అయినా, 10 అయినా, 100 అయినా ఈ 63 మారదు. బీట్ తగ్గిస్తే సాగేది కాలం, వోల్టేజి కాదు. కాబట్టి మీ సెటప్‌లో ప్రతి దోషాన్నీ ఈ గజంతోనే కొలవండి: సున్నా దగ్గర ఎన్ని మైక్రోవోల్టులు దొర్లుతున్నాయి? 63 దొర్లితే ఒక పికోసెకను పోయినట్టే.

ఇప్పుడు డేటాషీట్ తీయండి. కన్వర్షన్ లాస్, నాయిస్ ఫిగర్, ఇంటర్‌సెప్ట్ పాయింట్ అని మొదటి పేజీలోనే ఉంటాయి. ఇవన్నీ రేడియో రిసీవర్ కట్టేవాళ్ళ కోసం. యాంటెనా నుంచి వచ్చే మైక్రోవోల్టు సిగ్నల్‌ని పాడు చెయ్యకుండా దాటించడం వాళ్ళ సమస్య. మీ దగ్గర అర వోల్టు సిగ్నల్ ఉంది, అదీ శుభ్రంగా ఉంది. మీకు కావలసినవి వేరు. సున్నా దాటేచోట వాలు ఎంత నిటారుగా ఉంది, కొన్ని హెర్ట్జుల దగ్గర మిక్సర్ సొంత నాయిస్ ఎంత, వేడికి దాని డీసీ ఆఫ్‌సెట్ ఎంత జరుగుతుంది, ఒక పోర్టులోంచి ఇంకో పోర్టులోకి ఎంత కారుతుంది. వీటిలో మొదటి రెండూ డేటాషీట్‌లో సాధారణంగా ఉండవు. అందుకే ఎవరికి వాళ్ళు తోచిన మిక్సర్ పేరు చెబుతుంటారు.

ఎస్‌ఏ612 మంచి చిప్పే, హామ్ రేడియో వాళ్ళకి అది ప్రాణం. కానీ దాని ఇన్‌పుట్ సుమారు −25 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే పవర్) దాటితే వంగిపోవడం మొదలుపెడుతుంది. అంటే పన్నెండు, పదమూడు మిల్లీవోల్టులు. మీ 10811 ఇచ్చేది 50 ఓమ్‌లలో 0.55 వోల్టు. ఆ సిగ్నల్‌ని నలభై రెట్లు చంపి లోపలికి పంపి, తరువాత మళ్ళీ పెంచుకుంటున్నారు. చంపినప్పుడు సిగ్నల్ ఒక్కటే తగ్గింది, చిప్పు లోపలి ట్రాన్సిస్టర్ల ఫ్లికర్ నాయిస్ (తక్కువ ఫ్రీక్వెన్సీల్లో పెరిగే నాయిస్) ఎక్కడిదక్కడే ఉంది. పైగా దాని అవుట్‌పుట్ పిన్నులు రెండూ లోపల 1.5 కిలో ఓమ్‌ల ద్వారా సప్లైకి కట్టి ఉంటాయి. చాలామంది చేసేట్టు మీరూ ఒకే పిన్ను నుంచి బీట్ తీసుకుని ఉంటే, మీ రెగ్యులేటర్ నాయిస్ అంతా నేరుగా బీట్ మీద కూర్చుంటుంది. రెండు పిన్నుల తేడా తీసుకుంటే కొంత నయం, అంతే. మీ 3×10⁻¹²లో పెద్ద వాటా దీనిదే అయి ఉంటుంది.

డయోడ్ రింగ్ మిక్సర్‌లో ఈ గొడవ లేదు. నాలుగు షాట్‌కీ డయోడ్లు, రెండు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు, సప్లై అన్నదే లేదు. ఫ్రాన్స్‌లోని బెజాన్సాన్‌లో పనిచేసే ఎన్రికో రుబియోలా ఈ మిక్సర్ల మీద వివరంగా రాశారు. మామూలు హెచ్‌ఎఫ్ డయోడ్ మిక్సర్ ఫ్లికర్ 1 హెర్ట్జ్ దగ్గర −140 డీబీ స్థాయిలో ఉంటుందని ఆయన ఇచ్చిన అంచనా. దాన్ని రేడియన్లలోకి మారిస్తే కోటిలో ఒక వంతు, 10 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 1.6 ఫెమ్టోసెకన్లు. మీరు ఇప్పుడు 3 పికోసెకన్ల దగ్గర ఉన్నారు, మధ్యలో దాదాపు రెండు వేల రెట్లు ఖాళీ. ఇంత ఖాళీ ఉన్నప్పుడు ఒక డయోడ్ మిక్సర్‌కీ ఇంకో డయోడ్ మిక్సర్‌కీ ఉన్న తేడా గురించి తల బద్దలు కొట్టుకోవడం అనవసరం.

లెవెల్ 17 సంగతి. లెవెల్ 7 అంటే లోకల్ ఆసిలేటర్ పోర్టుకి (పంచిన ఆసిలేటర్ వెళ్ళేచోటు) +7 డీబీఎం, అంటే 5 మిల్లీవాట్లు కావాలి. లెవెల్ 17కి 50 మిల్లీవాట్లు, 50 ఓమ్‌లలో దాదాపు 1.6 వోల్టులు. సిగ్నల్ పెద్దదైతే వాలు మూడింతలు అవుతుంది, మీ మిత్రుడు చెప్పేది అంతవరకు నిజం. కానీ ఆ 50 మిల్లీవాట్లు ఒక్కో మిక్సర్‌కి ఇవ్వాలి, రెండింటికీ పంచాలి, బీట్ నిజంగా పెరగాలంటే మీ ఆసిలేటర్ల వైపు కూడా అంత కాకపోయినా ఎక్కువే ఇవ్వాలి. అంటే మధ్యలో నాలుగు పవర్ యాంప్లిఫయర్లు. అవి వేడెక్కుతాయి, ఆ వేడి పక్కనే ఉన్న మిక్సర్‌కి తగులుతుంది, కారే సిగ్నల్ కూడా 10 డీబీ పెరుగుతుంది. 10811 ఇచ్చేది +7.8 డీబీఎం. అది లెవెల్ 7 మిక్సర్ కోసమే చేసినట్టుంది. దాన్ని వదులుకోవడానికి నాకు కారణం కనిపించడం లేదు.

ఆర్‌పీడీ-1 కూడా లోపల డయోడ్ రింగే. కాకపోతే దాన్ని మొదటి నుంచీ ఫేజ్ డిటెక్టర్‌గా తయారు చేశారు. 1 నుంచి 100 మెగాహెర్ట్జ్ దాకా పనిచేస్తుంది, రెండు పోర్టులకీ +7 డీబీఎం ఇస్తే 500 ఓమ్ లోడ్ మీద దాదాపు ఒక వోల్టు ఇస్తుంది. ఫేజ్ పనికి చేసింది కాబట్టి డీసీ ఆఫ్‌సెట్ ఎంతో డేటాషీట్‌లోనే రాసి ఉంటుంది. ఎస్‌బీఎల్-1 కంటే ఇది మెరుగే. కానీ ఆ మెరుగు ఇప్పుడు మీకు కనపడదు, వేరే దోషాల కింద కప్పబడిపోతుంది. తెప్పించుకునేటట్టయితే రెండు కాదు, నాలుగు చెప్పండి, అన్నీ ఒకే షాపు నుంచి ఒకేసారి. వాటిలో ఆఫ్‌సెట్ దగ్గర దగ్గరగా ఉన్న రెండిటిని ఏరుకోవచ్చు. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి: వేరే మోడల్ ఏది చూసినా ఐఎఫ్ పోర్టు (బీట్ బయటికి వచ్చేది) డీసీ నుంచి పనిచేస్తుందని రాసి ఉందో లేదో ముందు చూడండి. కొన్నిటికి ఐఎఫ్ మెగాహెర్ట్జుల్లో మొదలవుతుంది, వాటిలోంచి 10 హెర్ట్జ్ బయటికి రాదు.

ఇప్పుడు మీ ఎస్‌బీఎల్-1లు. పాతవి కాబట్టి ముందు మల్టీమీటర్‌తో చూడండి. పిన్ 1 ఆర్‌ఎఫ్ (కొలవాల్సిన సిగ్నల్), పిన్ 8 లోకల్ ఆసిలేటర్, 2, 5, 6, 7 గ్రౌండ్. 3, 4 రెండూ కలిపితేనే ఐఎఫ్. ఈ రెంటినీ బోర్డు మీద వైరుతో కలపాలి. కలపకుండా ఒక్కదానికే కనెక్షన్ ఇచ్చినా బీట్ వస్తుంది, అందుకే చాలామందికి అనుమానం రాదు, కానీ బ్యాలెన్సు పోతుంది, సిగ్నల్ కారిపోతుంది. 1కీ గ్రౌండుకీ, 8కీ గ్రౌండుకీ మధ్య మీటర్ షార్టు చూపించాలి, అవి ట్రాన్స్‌ఫార్మర్ చుట్లు. ఇక మీటర్‌ని డయోడ్ టెస్టులో పెట్టి 3, 4 కలిపిన చోటు నుంచి గ్రౌండుకి చూడండి. ప్రోబులు తిప్పి మళ్ళీ చూడండి. రెండు వైపులా షాట్‌కీ డయోడ్ డ్రాప్ రావాలి, రెండు అంకెలూ దాదాపు ఒకటే ఉండాలి. ఒకవైపు పదుల మిల్లీవోల్టుల తేడా ఉంటే ఎవరో ఎప్పుడో దాన్ని ఎక్కువ పవర్‌తో కాల్చారన్నమాట, పక్కన పడేయండి. నాలుగింటిలో రెండు కలిసినా మీ పని అయిపోతుంది.

అసలు పని మిక్సర్ తరువాత ఉంది, అందరూ తొందరపడేదీ అక్కడే. పుస్తకంలో 50 ఓమ్‌లు అని ఉంది కదా అని ఐఎఫ్ మీద 50 ఓమ్ రెసిస్టరు పెట్టేస్తారు. +7 డీబీఎం లోపలికి పోతే 6 డీబీ తగ్గి +1 డీబీఎం వస్తుంది, అంటే 50 ఓమ్‌ల మీద 0.35 వోల్టు పీక్. ఒక పికోసెకనుకి 22 మైక్రోవోల్టులే మిగిలాయి. మీకు 50 ఓమ్‌లు కావలసింది 20 మెగాహెర్ట్జ్ దగ్గర, రెండు ఫ్రీక్వెన్సీల మొత్తం బయటికి వచ్చేచోట. 10 హెర్ట్జ్ దగ్గర అక్కర్లేదు. కాబట్టి 50 ఓమ్ రెసిస్టరుకి సిరీస్‌లో 1 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. 20 మెగాహెర్ట్జ్‌కి అది 8 ఓమ్‌లు, దాదాపు లేనట్టే. 10 హెర్ట్జ్‌కి 16 మెగా ఓమ్‌లు, తీసేసినట్టే. బీట్‌కి లోడ్‌గా 1 కిలో ఓమ్‌కి దగ్గరగా ఏదైనా పెట్టుకోండి. వాలు దాదాపు రెట్టింపు అవుతుంది, రూపాయి ఖర్చు లేకుండా.

ఇంకో దారి కూడా ఉంది. 1976లో అమెరికాలో బౌల్డర్‌లోని ఎన్‌బీఎస్ (ప్రమాణాల సంస్థ) లాబ్ నుంచి వాల్స్, స్టైన్, గ్రే, గ్లేజ్ చూపించింది: ఐఎఫ్ నుంచి గ్రౌండుకి రెసిస్టరు లేకుండా నేరుగా కెపాసిటర్ పెడితే, రెండు పోర్టులనీ గట్టిగా నడిపినప్పుడు వాలు ఇంకా నిటారవుతుంది. బీట్ సైన్‌లా కాకుండా త్రిభుజంలా కనిపిస్తుంది. ఆసిలోస్కోపులో చూస్తే ముచ్చటగా ఉంటుంది. అయితే అప్పుడు 20 మెగాహెర్ట్జ్ అంతా వెనక్కి మిక్సర్‌లోకి తిరిగి వస్తుంది, పోర్టుల ఇంపెడెన్స్ అటూ ఇటూ అవుతుంది. ముందున్న యాంప్లిఫయర్లు బాగుంటే సరే. నేనైతే మొదట రెసిస్టరు, కెపాసిటర్ జతతోనే మొదలుపెడతాను, తరువాత కెపాసిటర్ ఒక్కటే పెట్టి పోల్చి చూస్తాను.

దాని తరువాత వచ్చే లో-పాస్ ఫిల్టర్ దగ్గర ఒక మాట. మీ ఫ్యాన్ బాధకి సగం కారణం అక్కడే ఉండొచ్చు. 10 హెర్ట్జ్ బీట్ కదా అని 100 హెర్ట్జ్ దగ్గర కోసే ఆర్‌సీ ఫిల్టర్ పెట్టారనుకోండి. అది బీట్‌ని 0.1 రేడియన్ ఆలస్యం చేస్తుంది. బీట్‌లో వచ్చిన ఫేజ్ మార్పు అంతా అసలు సిగ్నల్లో మార్పుగానే లెక్కకొస్తుంది. కెపాసిటర్ విలువ వెయ్యింట ఒక వంతు మారితే 0.0001 రేడియన్, అంటే 1.6 పికోసెకన్లు. మామూలు ఎక్స్7ఆర్ సిరామిక్ కెపాసిటర్ ఒక డిగ్రీకి ఆ మాత్రం మారడం వింతేమీ కాదు. మెగాహెర్ట్జుల దగ్గర ఎంతో జాగ్రత్త పడి, చివర్లో పది పైసల కెపాసిటర్ దగ్గర పికోసెకన్లు పారబోస్తాం. అక్కడ సీ0జీ రకం గానీ పాలీప్రొపిలీన్ ఫిల్మ్ గానీ వాడండి. సీ0జీ డిగ్రీకి పది లక్షల్లో 30 వంతులకి మించి కదలదు, మీ లెక్కలో 0.05 పికోసెకను. ఫిల్టర్‌ని కూడా 100 దగ్గర కాకుండా 1 కిలోహెర్ట్జ్ దగ్గరికి జరిపితే ఈ బాధ ఇంకో పది రెట్లు తగ్గుతుంది. ఎక్స్7ఆర్‌కి ఇంకో గుణం కూడా ఉంది, బల్ల మీద వేలితో కొడితే వోల్టేజి పుట్టిస్తుంది.

యాంప్లిఫయర్‌కి ఓపీ27 ఆప్‌యాంప్ చాలు. దాని నాయిస్ 10 హెర్ట్జ్ దగ్గర 3.5 నానోవోల్టుల స్థాయి. 1 కిలో ఓమ్ రెసిస్టరు నాయిస్ ఒక్కటే 4 నానోవోల్టులు ఉంటుంది. ఇద్దరూ కలిసినా మీ గజంలో ఫెమ్టోసెకన్లే. దీనికంటే ఖరీదైన ఆప్‌యాంప్ పెట్టినా కొలతలో ఏమీ మారదు. కానీ ఆప్‌యాంప్ నుంచి నేరుగా కంపేరేటర్‌కి (సున్నా దాటిందో లేదో తేల్చే చిప్పు) వెళ్ళకండి. నెమ్మదిగా లేచే 10 హెర్ట్జ్ సిగ్నల్‌ని వేగంగా పనిచేసే కంపేరేటర్‌కి ఇస్తే అది సున్నా దగ్గర పదిసార్లు తడబడుతుంది. మొదట కొంచెం పెంచి పైనా కిందా కోసి, ఆ తరువాత ఇంకొంచెం పెంచి కోసి, ఒక్కో దశకీ బ్యాండ్‌విడ్త్ పెంచుకుంటూ పోవాలి. ఆలివర్ కాలిన్స్ 1996లో దీనికి లెక్క అంతా కట్టిపెట్టారు. మీకు మూడు, నాలుగు దశలు సరిపోతాయి.

ఇక మీ మూపురం. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన వాక్యం అది రోజూ చోటు మారుతోందన్నది. మిక్సర్ దోషమైతే రోజుకో చోటికి పోదు. మీ బీట్ 10 హెర్ట్జ్, మన కరెంటు 50 హెర్ట్జ్. అది సరిగ్గా ఐదింతలు. కరెంటు హమ్ కొంచెం బీట్ మీద ఎక్కితే, మీరు సున్నా దాటినప్పుడల్లా, అంటే ప్రతి 0.1 సెకనుకీ, హమ్ కూడా అదే స్థితిలో దొరుకుతుంది. కరెంటు కచ్చితంగా 50.00 ఉంటే అది ఒక స్థిరమైన తేడాగా మిగిలిపోయేది. కానీ మన గ్రిడ్‌కి అనుమతించిన పరిధి 49.90 నుంచి 50.05. అది 50.02 దగ్గర ఉందనుకోండి, మీ డేటాలో 0.02 హెర్ట్జ్ అల ఒకటి పుడుతుంది. దాని చుట్టు 50 సెకన్లు. అలాంటి అల అలన్ గ్రాఫులో ఎక్కడ శిఖరం వేస్తుందంటే చుట్టుకి 0.37 వంతు దగ్గర, అంటే 18, 19 సెకన్లు. మీరు రాసిన 20 సెకన్ల మూపురం ఇదే అని నా నమ్మకం. గ్రిడ్ కదిలినప్పుడల్లా అదీ కదులుతుంది. రుజువు కావాలంటే సెటప్ నడుస్తున్నప్పుడు లోడ్ డిస్పాచ్ సెంటర్ సైట్లో గ్రిడ్ ఫ్రీక్వెన్సీ చూసి రాసుకోండి, మీ ఫేజ్ గీతలో అల వేగంతో పోల్చండి.

దీనికి మందు రెండు వైపులా ఉంది. ఒకటి, బీట్‌ని 9 హెర్ట్జ్‌కి మార్చండి. అప్పుడు 50 హెర్ట్జ్ వచ్చి 4 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, ఒక సెకను సగటులోనే కొట్టుకుపోతుంది. 10 అయితే లెక్క సులువు కదా అంటారేమో, లెక్క కంప్యూటర్ చేస్తుంది. 100 హెర్ట్జ్ బీట్ వైపు అసలు వెళ్ళకండి, మన దేశంలో డయోడ్ బ్రిడ్జి ఉన్న ప్రతి సప్లై అక్కడే మూలుగుతుంది. రెండు, హమ్‌ని మూలంలో చంపండి. సప్లై ట్రాన్స్‌ఫార్మర్‌ని మిక్సర్ల పెట్టెలో పెట్టకండి, మిక్సర్‌లోని ట్రాన్స్‌ఫార్మర్లు దాని అయస్కాంత క్షేత్రాన్ని అందుకుంటాయి. ఒక రాత్రి మొత్తం సెటప్‌ని బ్యాటరీ మీద నడిపి చూస్తే హమ్ ఎక్కడి నుంచి వస్తోందో తెలిసిపోతుంది.

పెరిగే అంచు ఒక్కటే కాకుండా తగ్గే అంచు కూడా టైమ్ చేసి రెండిటి సగటు తీసుకుంటే ఇంకో లాభం. మిక్సర్ డీసీ ఆఫ్‌సెట్ 63 మైక్రోవోల్టులు జరిగితే పెరిగే అంచు ఒక పికోసెకను ముందుకి పోతుంది, తగ్గే అంచు అంతే వెనక్కి పోతుంది. సగటులో రెండూ కొట్టుకుపోతాయి. ఎస్‌బీఎల్-1కీ ఆర్‌పీడీ-1కీ ఉన్న తేడాలో సింహభాగం ఈ ఒక్క పనితో చెరిగిపోతుంది. మీ కౌంటర్‌కి ఈ సౌకర్యం లేకపోతే వంద రూపాయల మైక్రోకంట్రోలర్‌తోనైనా ఈ పని చేయించవచ్చు, ఎందుకంటే మీకు కావలసింది మైక్రోసెకనులో పదో వంతు తెలిస్తే చాలు.

ఫ్యాన్ గాలి సంగతిలో మిగతా సగం పెట్టె. రెండు మిక్సర్లనీ ఒకే మందపాటి అల్యూమినియం దిమ్మెకి ఆనించి, పైన మూత వేసి, కోటి గుజరాతీ గల్లీలో వెతికితే దొరికే ఏదో ఒక డై-కాస్ట్ పెట్టెలో పెట్టండి, చుట్టూ థర్మాకోల్ వెయ్యండి. రెండూ ఒకేలా వేడెక్కితే ఒకేలా జరుగుతాయి, తేడాలో కనపడదు. కేబుళ్ళు రెండూ ఒకే రకం, ఒకే పొడవు ఉండాలి. ఏసీ ఉన్న గదిలో టెఫ్లాన్ కేబుల్ వాడేవాళ్ళకి ఒక హెచ్చరిక: ఆ పదార్థం 20 డిగ్రీల చుట్టుపక్కల గుణం మార్చుకుంటుంది, కేబుల్ ఆలస్యం అక్కడ ఒక్కసారిగా కదులుతుంది. ఏసీని 20 దగ్గర కాకుండా 26 దగ్గర పెట్టుకుంటే కరెంటు బిల్లుకీ మంచిది.

చివరిది మీరు అడగనిది, కానీ రేపు మిమ్మల్ని ముంచేది ఇదే. రెండు మిక్సర్లకీ ఒకే ఆసిలేటర్‌ని పంచుతున్నారు. మొదటి మిక్సర్‌లో ఆర్‌ఎఫ్ సిగ్నల్ కొంత లోకల్ ఆసిలేటర్ పోర్టులోకి కారుతుంది, సుమారు −45 డీబీ అనుకోండి. స్ప్లిటర్ ఇంకో 25 డీబీ ఆపుతుంది. మొత్తం −70 డీబీతో అది రెండో మిక్సర్ చేరుతుంది. −70 డీబీ అంటే 0.0003 రేడియన్, అంటే 5 పికోసెకన్లు! ఇందులో మోసం ఏమిటంటే, ఒకే ఆసిలేటర్‌ని రెండు వైపులా ఇచ్చి ఫ్లోర్ (సెటప్ సొంత నాయిస్) చూసినప్పుడు ఇది కనపడదు. రెండింటి మధ్య ఫేజ్ మారదు కాబట్టి ఈ తప్పు కూడా స్థిరంగా ఉండిపోతుంది, గ్రాఫు అందంగా వస్తుంది. రుబీడియాన్ని, 10811ని పోల్చడం మొదలుపెట్టాక ఫేజ్ మెల్లగా తిరుగుతుంది, అప్పుడు 5 పికోసెకన్ల అల బయటపడుతుంది. అది ఆసిలేటర్ గుణం అనుకుని మోసపోతాం.

అందుకే డబ్బు ఖర్చు పెట్టాలనుకుంటే మిక్సర్ల మీద కాదు, ప్రతి మిక్సర్ ముందూ, రెండు పోర్టుల దగ్గరా, వెనక్కి కారనివ్వని బఫర్ యాంప్లిఫయర్ మీద పెట్టండి. మొత్తం −100 డీబీ దాటితే తప్పు 0.16 పికోసెకను, −120కి 0.016. పరీక్ష ఇలా చెయ్యండి. ఒక మీటరు ఆర్‌జీ-58 కేబుల్ ముక్క తీసుకోండి, అది దాదాపు 5 నానోసెకన్లు ఆలస్యం చేస్తుంది. దాన్ని ఒక ఛానెల్‌లో కలిపి తేడా ఎంత మారిందో రాసుకోండి. తరువాత అదే ఛానెల్‌లో ఇంకో పొడవాటి కేబుల్ ముందే పెట్టి, ఫేజ్ వేరే చోటికి పోయాక, అదే ముక్కని మళ్ళీ కలిపి చూడండి. రెండుసార్లూ అదే అంకె వస్తే కారడం లేదు. పికోసెకన్లలో తేడా వస్తే బఫర్ల దగ్గర పని మిగిలి ఉంది.

సాధారణంగా ఇలాంటి పాత రుబీడియాలు 1 సెకను దగ్గర 10⁻¹¹ చుట్టుపక్కల, మంచి 10811 10⁻¹² చుట్టుపక్కల ఉంటాయి. మీ ఫ్లోర్ 3×10⁻¹³కి వస్తే ఈ మూడింటికీ సరిపోతుంది, దానికి లెవెల్ 7 ఎస్‌బీఎల్-1లు బేషుగ్గా చాలతాయి. ఆ కిందికి పోవాలనే సరదా ఉంటే, ఇప్పుడు మిక్సర్లు లేకుండా నేరుగా ఏడీసీతో సిగ్నల్‌ని చదివే పరికరాలు వచ్చాయి. సెర్న్ వాళ్ళ వైట్ రాబిట్ (నెట్‌వర్క్ ద్వారా కచ్చితమైన కాలాన్ని పంచే వ్యవస్థ)లో ఇదే రెండు మిక్సర్ల పద్ధతిని ఫ్లిప్‌ఫ్లాప్‌లతో ఎఫ్‌పీజీఏ (మనం ప్రోగ్రామ్ చేసుకునే లాజిక్ చిప్పు) లోపల చేశారు. అవి వేరే కథ, వేరే ఖర్చు.

ఒక వరస చెబుతాను, అన్నీ ఒకేసారి మార్చకండి. ముందు ఎస్‌బీఎల్-1లు పరీక్షించి, ఐఎఫ్ మీద రెసిస్టరు, కెపాసిటర్ జతతో పెట్టండి. ఫ్లోర్ రాసుకోండి. బీట్ 9 హెర్ట్జ్ చేసి మూపురం పోయిందో లేదో చూడండి. తరువాత ఫిల్టర్ కెపాసిటర్లు, పెట్టె. ఆ తరువాతే బఫర్లు, కేబుల్ ముక్క పరీక్ష. ఈలోగా అబ్బాయి ఆర్‌పీడీ-1లు తెస్తే, అప్పటికి మీ దగ్గర పోల్చుకోవడానికి ఎస్‌బీఎల్-1 గ్రాఫు సిద్ధంగా ఉంటుంది. రెండు గ్రాఫులూ పంపిస్తే నాక్కూడా చూడాలని ఉంది.